మెడ

రాసిమ్మన్నారు. నాకు రాత రాదు.
చెప్తా, మీరే రాసుకోండి.
పేరు తాళ్ళ శౌరమ్మ. వయసు అరవై దాటింది, ఎంత దాటిందో తెలీదు.
ఊరు పేరమ్మపల్లె. కనిగిరి నుంచి పామూరు రోడ్డున వచ్చి
గొర్రెల దొడ్డి కాడ ఎడమకు తిరగాల.
తిరిగే వచ్చారుగా మీరు.

ఆయన బిషప్పుగా ఉన్న కాలం నేనెరగను.
మా ఊరొచ్చేసరికి ఒట్టి రాయప్పయ్యగారు.
ఒక రేకు పెట్టె, ఒక మడత మంచం,
వేలి చుట్టూ ఉంగరం తీసేసిన తెల్ల గీత.
ఉంగరం ఆ ఏడు కరువులో జొన్నలయింది.
గీత రెండేళ్ళకి మా ఎండలో కలిసిపోయింది.

నేను బిందెకి పావలా లెక్కన నీళ్ళు మోసేదాన్ని.
బడి కాడ బోరు.
చల్లగా ఉంటాయి, తేటగా ఉంటాయి.
విషం చేదుగా ఉంటదని ఎవరన్నారో!
మా విషానికి రుచే ఉండదు.
పళ్ళకి ముందు తెలుస్తది, తర్వాత మోకాళ్ళకి,
ఆఖరికి వెన్నుకి.

ఒంగోలు నుంచి శుక్రవారం శుక్రవారం జీపులో
రెండు క్యాన్ల మంచినీళ్ళు, ఆయన తాగను.
ఆయన వాటిని పసిబిడ్డలున్న ఇళ్ళకి కొలిచి పోసేవాడు.
పూజపాత్రతో కొలిచాడని ఎవరో ఉత్తరం రాశారంట.
అబద్ధం. స్టీలు గ్లాసు అది, మా చెల్లెలు పెళ్ళినాటిది,
అంచున సొట్ట కూడా ఉంది.
తనకి మాత్రం నా బిందె.
ఇరవై రెండేళ్ళు.

తప్పులు చెప్పమన్నారు కాబట్టి చెప్తున్నా.
కోపం జాస్తి.
నీళ్ళ ఇంజనీరు మీద చెప్పు విసిరాడు. తగల్లేదు.
సాయంత్రం కనిగిరి దాకా పోయి క్షమించమన్నాడు.
ఇంజనీరు క్షమించాడు గానీ
పైపు వెయ్యలేదు.
నల్లేరు పచ్చడంటే ప్రాణం.
ఎముకలకి మంచిదని మా అత్త నూరి పంపేది,
ఉపవాసం నాడు కూడా నాకేవాడు, ఎముకలకి కాదు, రుచికి.

గర్వమా?
బలిపీఠం ముందు తల వంచేవాడు కాదని
ఆ కాయితంలో ఉందా?
వంగేది కాదయ్యా.
పదేళ్ళకి మెడ బిగిసింది. పక్కకి చూడాలంటే
మనిషి మొత్తం తిరగాల్సిందే, బండి తిరిగినట్టు.
అప్పం పైకెత్తేవాడు, చేతులు చెవుల దాకా పోయి ఆగిపోయేవి.
మేం ఎవ్వరం ఏమనుకోలేదు.
మా చేతులూ ఆడికే పోతాయి.

అద్భుతమా?
కానా పెళ్ళిలో నీళ్ళు ద్రాక్షరసమైనయ్యంట.
ఈయన నీళ్ళని నీళ్ళుగా చెయ్యలేకపోయాడు.
అయినా అడిగారు కాబట్టి,
ఆ క్యాను నీళ్ళతో పెరిగినోళ్ళు పదకొండు మంది.
ఊళ్ళో మిగతా నోళ్ళన్నీ తుప్పు చారలు.
ఆ పదకొండు నోళ్ళు తెరిపించి చూడండి.
తర్వాత మీ ఇష్టం.

*

పద్నాలుగేళ్ళ కింద చెప్పిన మాటలవి.
ఇప్పుడెవరూ అడగలేదు, నేనే చెప్తున్నా.

సమాధి తవ్వారు. వెన్నుపూసలన్నీ ఒకే కర్రలా
అతుక్కోని ఉన్నాయంట.
డాక్టరు బాబు చూసి, ఇదేం జబ్బని ఎవర్నీ అడగలేదు.
గుంట చుట్టూ నిలబడ్డ మమ్మల్ని చూసి ఊరుకున్నాడు.

పునీతుడని చాటిన పండగనాడు ఎనభై బస్సులు.
అట్టపెట్టెల్లో నీళ్ళ సీసాలు, వచ్చినోళ్ళకి.
మైకులో "తల వంచి ప్రార్థిద్దాం" అన్నారు.
గాలికి వరిచేను వంగినట్టు జనమంతా వంగారు.
పేరమ్మపల్లె వాళ్ళం నిలబడే ఉన్నాం,
కోసిన చేలో మిగిలిన కొయ్యల్లాగా.

వంగలేదు కాబట్టే తెర తీసినప్పుడు
పటం ముందు మేమే చూశాం.
మద్రాసులో రాయించారంట. మంచి రంగులు.
చేతిలో దండం, వేలికి ఉంగరం మళ్ళీ వచ్చింది.
మెడ ఎంతో మెత్తగా, ఓ పక్కకి,
పూలకాడ వాలినట్టు వంచి గీశాడు.

పక్కనున్న మా ఇన్నాసి అడిగాడు,
"ఎవురే ఆయన?"